తొందర చెట్టు పుస్తకం

పైగాలి ఒకటో రోజు

మొదటి సైరన్‌కు పై తలుపు తెరిచారు. చెట్టుకు అర లీటరు నీళ్లు పోశాను. ఆకులు ఇంకా ఉన్నాయి. పండుబారుతున్నాయి.

ఇది కొత్త పుస్తకం. పాతది నిండిపోయింది. మొక్క ఎవరి పేరున ఉంటే ఆ మనిషే తన చేత్తో దాని సంగతి రాయాలని మా దిగువూరి నియమం. నాకు అక్షరాలు నలభై ఏళ్లు దాటాక వచ్చాయి. నేర్పింది నా భార్య మధునమ్మ. ఈ మొక్కా ఆమెదే. వచ్చే ముప్పై ఒకటో రోజుకు ఆమె పోయి తొమ్మిదేళ్లు. ఆమె పేరు కొట్టేసి ఓదెలు అని నా పేరు రాశారు కాబట్టి రాస్తున్నాను. లేకపోతే రాతతో నాకేం పని? నా పని కత్తెర.

తలుపు ఏడాదికి నలభై రోజులే తెరుస్తారు. మిగతా రోజుల్లో పైన నీడ కూడా కాలుతుంది. ఈ నలభై రోజులు మాత్రం చల్లగాలి మేముండే ఈ పాత బొగ్గుబావి నోట్లోంచి మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. మెట్ల కింద నా కుర్చీ, నా అద్దం. కుర్చీ వెనక గాలి పైపు. పైపును ఆనుకుని తొట్టిలో ఈ చెట్టు, నా నడుమెత్తు. పై నుంచి వచ్చే గాలి ముందు మా ఇద్దరికే తగులుతుంది. ఆ తర్వాతే ఊరికి.

నీళ్ల మేస్త్రి స్వరూప పుస్తకం చేతికిచ్చి వెంటనే పోలేదు.

“తాతా, ఈసారి సంగతి వేరే ఉన్నది. తిండి పెట్టని, పూయని మొక్కకు తొట్టి ఇయ్యొద్దని పంచాయతిల తీర్మానం చేసిన్రు. పూల మొక్క అని పేరుంటే పూయాలె. తలుపు మూసే నాడు నేనే వస్త. అప్పటికి ఒక్క పువ్వన్న కనపడాలె. లేకుంటే పీకి పాలకూర పెడ్తరు.”

“పూస్తది.”

“ఎనిమిదేండ్ల సంది పుస్తకంల గిదే రాస్తున్నవు.”

“రాసేది నేను. పూసేది అది. అది ఆలస్యం చేస్తే నన్నేమంటవు?”

పాత పుస్తకం తెరిచి, ‘ఎందుకు పూయలేదు’ అనే గడిలో నేను ఏటేటా రాసిన జవాబులు పైకి చదివింది. గాలిలో మసి. నీళ్లు ఉప్పన. పై వెలుగును కిందికి పంపే అద్దాలు తుడిచేవాళ్ల బద్ధకం. పోశం దగ్గు.

“ఊరందరి తప్పున్నది తాతా ఇండ్ల” అంది.

“ఉన్నదే రాసిన” అన్నాను.

పైగాలి నాలుగో రోజు

అర లీటరు. ఆకులు సగం రాలాయి.

ఈ రోజు ఇరవై ఆరు తలలు కోశాను. పది రోజులకొకసారి ప్రతి తలా నా కుర్చీకి రావాల్సిందే. మేము దిగిన మొదటి ఏడు, రాలిన వెంట్రుకలు ఫ్యాను జాలీల్లో పేరుకుని ఒక పూట ఫ్యాను ఆగిపోయింది. ఆ పూట సంగతి ఇక్కడ రాయను. అప్పటి నుంచి ఆడైనా మగైనా వేలి మందానికి మించి జుట్టు ఉంచకూడదు. ఈ ఊళ్లో నా చేతి కింద తల వంచని మనిషి లేడు. సర్పంచి కూడా వంచుతాడు. కరెంటు మిషను ఇస్తామన్నారు, వద్దన్నాను. మా నాయన కత్తెర ఉంది. మిషను గీకుతుంది, కత్తెర కోస్తుంది. తేడా తెలిసిన తలలు ఇక్కడ తక్కువే.

ఆఖరున పోశం కూర్చున్నాడు. ఇదివరకు బొగ్గు కొట్టినవాడు. మధునమ్మ ఊరివాడు కాబట్టి ఆమె అతనికి అక్క, నేను బావ. ఆ వరసను అడ్డం పెట్టుకుని ఏమైనా అంటాడు.

“బావా, నీ చెట్టుకు నా కంటె ముందే బోడిగుండు అయితున్నది.”

“తల కదపకు.”

“మా అక్క దానికి తొందర చెట్టు అని పేరు పెట్టిననాడే అనుకున్న. తొందర అని పేరు పెట్టిన పిల్లకు పెండ్లి కాదు.”

“చెవు తెగుతది పోశం.”

“తెంపు. రెండున్నయి.”

ఆ పేరు మధునమ్మ ఊరికే పెట్టలేదు. ఆమె చిన్నప్పుడు వాళ్ల నాయన రోడ్డు పనికి ఎక్కడో చలికొండలకు పోతే ఆమె కూడా పోయింది. చలి ఇంకా ఉండగానే, మిగతా చెట్లు కళ్లు తెరవకముందే, ఈ పొద ఒక్కటి పూసేదట. ఆకు కోసం ఆగదట. ఉత్త పుల్లల నిండా పసుపు పూలట. మేము కిందికి దిగే రోజుల్లో, కొండల నుంచి యంత్రాలు మోసుకొచ్చిన లారీ డ్రైవరును బతిమాలి ఒక పుల్ల తెప్పించుకుంది. దిగేటప్పుడు మనిషికి ఒక్క సంచే అన్నారు. ఆమె సంచిలో సగం తడిగుడ్డ.

ఎలాంటి పసుపు అని అడిగితే ఒకసారి పసుపు ముద్ద అనేది. ఒకసారి గుడ్డు సొన అనేది. ఇంకోసారి తోమిన ఇత్తడి చెంబు. “మూడుసార్లు మూడు మాటలు చెప్తున్నవు, నువ్వు చూడనే లేదు” అన్నాను.

“చూసినోళ్ల మాటలే మారుతయి. చూడనోడు ఒక్క మాట మీదనే నిలబడ్తడు” అంది.

పైగాలి తొమ్మిదో రోజు

అర లీటరు. ఆకు ఒక్కటి లేదు. ఉత్త పుల్లలు.

పుల్లల నిండా పొక్కులు లేచాయి. ప్రతి ఏడూ ఇదే సమయానికి లేస్తాయి. గోధుమ రంగు, జొన్నగింజంత, గట్టివి. గోటితో గీరితే పొలుసు ఊడుతుంది. వేపనూనె పూశాను. తగ్గుతాయన్న నమ్మకం లేదు. ఏ ఏడూ తగ్గలేదు.

పోశం వంగి చూశాడు.

“మొగ్గలేమో బావా?”

“మొగ్గ ఎట్లుంటదో నాకు తెల్వదా? మల్లె మొగ్గ చూసిన, గన్నేరు మొగ్గ చూసిన. మొగ్గకు కాడ ఉంటది, మెత్తగుంటది. ఇది గజ్జి.”

“నువ్వంటె గజ్జే.”

తలకు పొక్కులు లేస్తే ముందు జుట్టు తీసేస్తాం, గాలి తగలనిస్తాం. మాన్పడానికి అదే దారి. ముప్పయ్యో రోజున చెట్టుకు ఎలాగూ కత్తెర పెడతాను.

పైగాలి పదకొండో రోజు

అద్దం తుడుస్తూ స్టూలు మీంచి జారాను. కుడి భుజం పట్టేసింది. చెయ్యి రొమ్ము ఎత్తుకు మించి లేవడం లేదు. అయినా పంతొమ్మిది తలలు కోశాను. ఎవరికీ చెప్పలేదు. చెట్టుకు అర లీటరు.

పైగాలి పదహారో రోజు

ఈ రోజు స్వరూప వంతు. కుర్చీలో కూర్చుని అద్దంలో చెట్టు వైపే చూసింది.

“తాతా, నేను దిగినప్పుడు నాకు పన్నెండేండ్లు. రెండు జడలుండె. నువ్వే కోసినవు.”

“అందరివీ నేనే కోసిన.”

“బాగ ఏడ్సిన. మధునమ్మ అవ్వ నన్ను ఒళ్లె కూసుండవెట్టుకున్నది. అవ్వ జడ ఎవరు కోసిన్రు?”

“నేనే.”

ఆమె ఇంకేం అడగలేదు. అడగలేదు కాబట్టే ఇక్కడ రాస్తున్నాను.

ఫ్యాను ఆగిన మర్నాడు ఊరంతటినీ నా కుర్చీ ముందు నిలబెట్టారు. ఆడవాళ్లు ఒక్కరూ ముందుకు రాలేదు. మంగలాయన ముందు తన ఇంటి తల కోయాలి అని గుంపులోంచి ఎవరో అన్నారు. మధునమ్మ తనే వచ్చి కూర్చుంది. నడుము దాటిన జడ. ఒక్క కోతలో తీశాను. ఒక్క వెంట్రుక అటూ ఇటూ కాలేదు. ఆ సంగతి చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను.

మూడు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, డబ్బాలో దాచుకున్న ఆ పుల్లను తీసుకెళ్లి మా అర మూలన మట్టిలో గుచ్చింది. నా వైపు చూడకుండా అంది. “నా తల నీకిచ్చిన. దీని జోలికి మాత్రం రాకు.”

జడలు లేని ఊళ్లో పూలెందుకు అని అడుగుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది. అడగలేదు. నా బతుకులో అనకుండా మింగిన మంచి మాట అదొక్కటే అనుకుంటాను.

మూలన చీకట్లో ఆ పుల్ల ఏడేళ్లు పుల్లగానే ఉంది. తర్వాత ఆమె పంచాయతీతో కొట్లాడి ఇక్కడ, చల్లగాలి పైపు పక్కన, ఈ తొట్టి సంపాదించింది. రెండేళ్లలో మోకాలెత్తు పెరిగింది. వచ్చే ఏడు పూస్తది అంది. ఆ వచ్చే ఏడు ఆమె లేదు.

పైగాలి ఇరవయ్యో రోజు

అర లీటరు. పొక్కులు ఎక్కువయ్యాయి.

ఈ రోజు నా తల నేనే కోసుకున్నాను. ముందొక అద్దం, వెనకొక అద్దం. భుజం మూలంగా గంట పట్టింది.

ఇదివరకు నా తల మధునమ్మ కోసేది. ఆమెకు కత్తెర పట్టడం రాదు. ఎన్నిసార్లు నేర్పినా ఎడమ చెవి వెనక ఒక కుచ్చు వదిలేసేది. ప్రతిసారీ తిట్టేవాణ్ణి.

“అన్ని తలలు కోసే మంగలి ఎనక కుచ్చుంటే ఊరు నవ్వదా?”

“నవ్వనియ్యి. అంత నున్నగ గీకితె గుండ్రాయి లెక్క ఉంటవు. పట్టుకుని గుంజుతందుకు గింతన్న ఉండాలె” అనేది.

ఆమె అటు పోగానే అద్దం పెట్టుకుని ఆ కుచ్చు నేను కోసేసుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరూ వదలరు. తల నున్నగానే ఉంటోంది.

పైగాలి ఇరవై నాలుగో రోజు

ఇద్దరు మనుషులు వచ్చి తొట్టిని టేపుతో కొలిచారు. ఎంత లోతు, ఎంత వెడల్పు అని కాగితం మీద రాసుకున్నారు. నన్ను ఏమీ అడగలేదు. పోతూ పోతూ పాలకూర నారు పోసిన ట్రే ఒకటి తెచ్చి తొట్టి పక్కనే పెట్టారు.

“ఇదేంది?” అన్నాను.

“నారు ముదురుతున్నది పెద్దమనిషీ. మళ్ల మోసుకరావాల్నా అని గిప్పుడే తెచ్చినం.”

చావకముందే పాడె తెచ్చినట్టు. ట్రేని కాలితో తన్నుదామనుకున్నాను. రెండాకులు వేసిన పసి నారు. దాని తప్పేముంది? సాయంత్రానికి వాడితే నా తాగే నీళ్లలోంచి కొంచెం చల్లాను.

చెట్టుకు అర లీటరు. మొగ్గ లేదు.

పైగాలి ఇరవై ఎనిమిదో రోజు

అర లీటరు. మొగ్గ లేదు. పొక్కులు వాచి పగిలేటట్టున్నాయి. నేను కోసే రోజు దగ్గరపడింది కాబట్టి నూనె మానేశాను.

పైగాలి ముప్పయ్యో రోజు

రేపు మధునమ్మ సంవత్సరీకం. మనిషి పోయిన రోజును తలుచుకోవాలంటే ముందు రోజు ఇంట్లోవాళ్లంతా జుట్టు తీయించుకుని తలమీద నీళ్లు పోసుకోవాలి. మా ఇంట్లో ఉన్నది నేనూ ఈ చెట్టూ. అందుకని ప్రతి ఏడూ ఈ రోజు ఇద్దరికీ చేస్తాను. జోలికి రావద్దని ఆమె అన్నది తొక్కేస్తానని, విరిచేస్తానని. ఇది సేవ. ఆమె పేరున ఆమె చెట్టు చింపిరి తలతో నిలబడితే చెయ్యి తిరిగిన నాకే సిగ్గు.

కత్తెరకు సాన పట్టాను. చుట్టూ గుండ్రంగా తీశాను. పొక్కులున్న కొసలన్నీ తీశాను. లోపలి గుబురు తీశాను. మంచి కోత. ఏ వైపు నుంచి చూసినా ఒకే ఎత్తు.

పైపు వెనక ఒక కొమ్మ ఉంది. ప్రతి ఏడూ చెయ్యి పైకెత్తి, పైపు మీదుగా వంగి దాన్నీ కోసేవాణ్ణి. ఈసారి చెయ్యి లేవలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. అడిగితే పోశం కోసిపెట్టేవాడే. నా కోత మీద ఇంకొకడి చెయ్యా? అడగలేదు. కుర్చీ వైపు నుంచి కనపడదులే అని వదిలేశాను. పని సగంలో వదలడం నాకు అలవాటు లేదు. మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

కోసిన పుల్లలు ఊడ్చి వెంట్రుకల గుంతలో వేశాను. నీళ్లు అర లీటరు, నా వంతువి ఇంకో అర లీటరు.

పైగాలి ముప్పై ఒకటో రోజు

సర్వపిండి చేశాను. ఆమెకు ఇష్టం. ఒక ముక్క తొట్టి అంచున పెట్టాను. ఉప్పు ఎక్కువైంది అన్నాడు పోశం. అని మూడు ముక్కలు తిన్నాడు. ఇద్దరం చెట్టు ముందు కూర్చున్నాం.

“అక్క ఉంటె గీ చెట్టును తిట్టేది” అన్నాడు.

“చెట్టునెందుకు? నన్నే తిట్టేది.”

“గదీ నిజమే.”

పైగాలి ముప్పై నాలుగో రోజు

ఈ రోజు ఎప్పుడూ చెయ్యని పని ఒకటి చేశాను. స్వరూప దగ్గరికి పోయి అడిగాను.

“బిడ్డా, ఇంకో పది దినాలు ఆగుండ్రి.”

ఆమె పైపు బిరడా బిగిస్తోంది. బిగించడం ఆపింది.

“నీకు ఆగితె అందరికి ఆగాలె తాతా. కిందటి వారం గడువైందని లచ్చవ్వ గులాబి పీకిన. ఆమె నా కాళ్లు పట్టుకున్నది.”

“నేను కాళ్లు పట్టుకోను.”

“నాకెరికే. నువ్వు అడగకుంటెనే బాగుండు.”

వెనక్కి వచ్చాను. ఈ ఊళ్లో ఎవరినీ ఏదీ అడగకుండా పద్దెనిమిదేళ్లు బతికాను. ఈ రోజుతో అదీ పోయింది. చెట్టుకు నీళ్లు పోయాలంటే చెయ్యి రాలేదు. ఆరు రోజుల్లో పీకేసే దానికి అర లీటరెందుకు అనిపించింది. కాసేపాగి పోశాను. పీకేదాకా అది ఆమెదే.

పైగాలి ముప్పై ఆరో రోజు

పొద్దున పోశం దగ్గుతూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మెడకు గుడ్డ కట్టాను. మెడ వెనక కోత చూపించడానికి చేతి అద్దం పట్టుకున్నాను. అతను చేతి అద్దంలోకి చూశాడు. తర్వాత పెద్ద అద్దంలోకి చూశాడు.

“బావా, పైపు ఎనక పసుపు రంగేసిన్రా?”

“పైపుకు రంగెవడేస్తడు?”

“మరి గదేంది?”

తిరిగాను. కుర్చీ వైపు నుంచి ఏమీ కనపడలేదు. పైపు అంచుకు చెంప ఆనించి వెనక్కి చూశాను.

పూలు. ఐదు. ఆకు లేదు, కాడ లేదు. ఎండు పుల్లకు నేరుగా అతుక్కుని ఉన్నాయి. రేకుల కొసన పసుపు ముద్ద. లోపల గుడ్డు సొన. మెట్ల మీంచి వెలుగు పడిన చోట తోమిన ఇత్తడి. మూడు మాటలూ నిజమే.

మధునమ్మా, చూశాను.

పోశం మెడకు గుడ్డతోనే లేచి నా పక్కకు వచ్చాడు. వాడికి దగ్గు కూడా రాలేదు. ఐదో పువ్వు పక్కన పొక్కు ఒకటి ఉంది. గోధుమ రంగు పొలుసు రెండుగా చీలి, నడుమ నుంచి పసుపు రేకు కొస బయటికి వచ్చింది. దాని కింద ఇంకో పొక్కు. దాని కింద ఇంకోటి.

పోశం ఆ పొక్కు చూశాడు. నా చేతిలో కత్తెర చూశాడు. వరసకు బామ్మర్ది, మాట వదిలేవాడు కాదు. ఈ ఒక్కసారి వదిలేశాడు.

“కూసో బావా” అన్నాడు. అంతే.

నేను కూర్చోలేదు. గుంత దగ్గరికి పోయాను. మూత తీసి మోచేతుల దాకా వెంట్రుకల్లో చేతులు పెట్టాను. ఊరందరి వెంట్రుకలు. తెల్లవి, నల్లవి, పసిపిల్లలవి. భుజం మండిపోతోంది. పోశం వచ్చి అవతలి పక్క కూర్చుని వాడూ చేతులు పెట్టాడు. చాలావరకు ఎండి విరిగిపోయాయి. అడుగున తడి తగిలిన చోట పిడికెడు పుల్లలు పచ్చిగా దొరికాయి. వెంట్రుకలు దులిపి, గడ్డం గీసే మగ్గులో నా తాగే నీళ్లు పోసి నిలబెట్టాను.

ఈ రోజు పోశం తల సగమే కోశాను. అలాగే ఇంటికి పోయాడు.

పైగాలి ముప్పై ఎనిమిదో రోజు

పైపు వెనక పదకొండు పూలు. మగ్గులోని పుల్లల్లో సగం నల్లబడ్డాయి. మూడు పుల్లలకు పూలు విచ్చాయి.

కోసినా పూస్తున్నాయి. కోసి, ఊడ్చి, గుంతలో వేసి మూత పెట్టినా, తడి తగిలితే పూస్తున్నాయి. అంటే ఎనిమిదేళ్లూ పూసి ఉంటాయి. ఆ వెంట్రుకల మధ్య, ఆ చీకట్లో, ఎవరూ తొంగి చూడని గుంతలో. నేను ఇక్కడ కూర్చుని గాలి మంచిది కాదు, నీళ్లు మంచివి కావు అని రాస్తూ ఉండగా.

మొదటి ఏడు ఆమె పోయి మూడు వందల అరవై రోజులు దాటినప్పుడు చెట్టుకు మొదటిసారి కత్తెర పెట్టాను. వచ్చే ఏడు పూస్తది అని ఆమె అన్న ఏడు అదే. పొక్కులు ఆ ఏడు కూడా ఉన్నాయి. నాకు బాగా గుర్తుంది. రోగం పట్టిందని బాధపడ్డాను.

ఆమె చెప్పింది. జోలికి రాకు అని తెలుగులోనే చెప్పింది. నా చెయ్యి మంచిది కాబట్టి ఆ మాట నాకు కాదనుకున్నాను.

పైగాలి నలభయ్యో రోజు

మధ్యాహ్నం సైరన్‌కు స్వరూప వచ్చింది. పంచాయతీ మనుషులు ఇద్దరు పారలతో వెనకే వచ్చారు. చేతి అద్దం ఆమె చేతికిచ్చి ఎలా పట్టుకోవాలో చూపించాను. అద్దంలో చూసింది. తర్వాత అద్దం కుర్చీలో పెట్టి, పైపుకు చెంప ఆనించి నిలబడింది. పారలవాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు చెంప ఆనించారు. ఆ తర్వాత మెట్ల దాకా వరస కట్టారు జనం. నా కుర్చీ కాడ వరస నాకు కొత్త కాదు. తల వంచడానికి కాకుండా కట్టిన వరస ఇదే.

లచ్చవ్వ కూడా వచ్చింది. గులాబి పోయిన మనిషి. చూసి, తొట్టి అంచును ఒకసారి చేత్తో తుడిచి పోయింది. మగ్గులో పూసిన పుల్ల ఒకటి ఆమె వెనకాల పోయి ఇచ్చాను.

స్వరూప చేతి వేళ్లు చెవి పక్కన, తల వెనక, జడ ఉండాల్సిన చోట ఒకసారి తడుముకున్నాయి. ఆమెకు తెలియకుండానే. నేను చూడనట్టు కత్తెర తుడుచుకున్నాను.

“పూసింది అని రాయి తాతా. ఇగ తొట్టి నీదే” అంది. వంగి నారు ట్రే ఎత్తింది. “గీ నారుకు దినాం నీళ్లు పోసిందెవరు?”

“నేనే.”

“నీ చెట్టును చంపుతందుకు తెచ్చిన నారు గదా.”

“దానికేం తెలుసు బిడ్డా? పాత పుస్తకం ఒకసారి ఇయ్యి.”

“అదెందుకు గిప్పుడు?”

“ఇయ్యి.”

సంచిలోంచి తీసి ఇచ్చింది. ‘ఎందుకు పూయలేదు’ గడులు ఎనిమిది. మసి కొట్టేశాను. ఉప్పు నీళ్లు కొట్టేశాను. అద్దాలవాళ్లను కొట్టేశాను. ఎనిమిది గడుల్లోనూ ఒకటే రాశాను: పూసింది. నేను కోశాను. ఓదెలు.

రాయడానికి చాలాసేపు పట్టింది. స్వరూప నిలబడే చదివింది.

“పూసినాక పాతయి దిద్దుడెందుకు? ఎవరు సూస్తరు తాతా?”

“పోశం దగ్గు మీద పెట్టిన తప్పున్నది అండ్ల. వాడు బతికుండంగనే తీసెయ్యాలె.”

వెనక నుంచి పోశం దగ్గాడు. కావాలనే దగ్గాడు.

ఇకముందు ఈ చెట్టును చూసేవాళ్ల కోసం కింద రాస్తున్నది గుర్తుంచుకోండి. చలిలో పుల్లల మీద లేచే గోధుమ పొక్కులు రోగం కాదు. అవే మొగ్గలు. పూలు రాలి ఆకు వచ్చేదాకా కత్తెర దగ్గరికి రానివ్వకండి. చింపిరిగా ఉంటుంది. ఉండనివ్వండి.

సాయంత్రం పై తలుపు మూశారు. గాలి ఆగింది. రేపటి నుంచి మళ్లీ ఫ్యాను గాలే. మూసే రోజున వంతు వచ్చినవాళ్లందరూ తల కోయించుకోవాలి. నాలుగు రోజులుగా సగం తలతో తిరుగుతున్న పోశానికి మిగతా సగం తీశాను. ఆఖరున నేను రెండు అద్దాల మధ్య కూర్చున్నాను. భుజం కొంచెం నయం. చెయ్యి ఇప్పుడు లేస్తోంది, అన్ని వైపులకూ అందుతోంది.

పోశం గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు.

“బావా, ఎడమ చెవు ఎనక కొంచెం మిగిలింది.”

“తెలుసు” అన్నాను. “ఉండనియ్.”